రెండు చుక్కలు, కింద గీత

ఒక్క రోజులో నాలుగు వందల బట్టలు ఉతికిన మగాడు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లూ కలిపి వెతికినా నేనొక్కడినే దొరుకుతాను. ఈ మాట నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ బట్టలు కాసిని పెరుగుతూ వచ్చాయి. మొదట్లో రెండు వందలే ఉండేవి. మనవళ్లు పుట్టేసరికి మూడు వందల యాభై దాటాయి. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిగ్గా చెప్పాలి. నూట నలభై చిల్లర. ఒక్క రోజు కూడా కాదు, రెండున్నర రోజులు పట్టింది.

నా కుడిచేతి బొటనవేలి మీద చింతగింజంత మచ్చ ఒకటుంది. మరుగుతున్న బానలో చెయ్యి ముంచి మా బావ చొక్కాని బయటికి లాగినప్పుడు కాలిందని పిల్లలకి చెప్పాను. వాళ్లు నమ్మారు. దాని అసలు సంగతి కూడా ఇందులోనే వస్తుంది. వరసలో రానివ్వండి.

మా ఇళ్లల్లో మగవాళ్లకి బట్టలుతకడం వచ్చు. ఇది గొప్పకి చెప్పడం కాదు. మా తాతల కాలంలో మా పేటకి చాకలి వచ్చేవాడు కాదు. మా బట్టలు ముట్టుకుంటే ఊళ్లో మిగతావాళ్లు తమ బట్టలు వేయరని అతని భయం. అందుకని ఆదివారం గుడికి కట్టుకునే తెల్లపంచె ఎవరిది వాళ్లే ఉతుక్కునేవారు. మా నాన్న గంజి పెట్టిన పంచె నేల మీద నిలబెడితే కర్రలా నిలబడేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నేను చూశాను. నిలబడేది కాదు, గోడకి చేరగిలబడేది.

మా అక్క కాలానికి అది మారింది. ఆమె బాపట్లలో మిషను బడిలో టీచరు. ఒక చాకలావిడ పిల్లలిద్దరికీ అక్షరాలు దిద్దించి, కూడికలు తీసివేతలు నేర్పించింది. ఆవిడ ఒకరోజు తనంతట తనే వచ్చి మూట అడిగింది. అలా మా వంశంలో చాకలి గుర్తు ఉన్న మొదటి ఇల్లు మా అక్కది అయింది. చాకళ్లు ఇంటికో గుర్తు పెట్టుకుంటారు కదా. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ జీడిని కాలరు లోపల అద్ది, పైన కాస్త సున్నం రాస్తారు. నల్లగా పట్టేస్తుంది. బట్ట చిరిగిపోవాలే గాని గుర్తు పోదు. మా అక్కకి వచ్చిన గుర్తు రెండు చుక్కలు, వాటి కింద ఒక గీత. చుట్టాలు ఎవరొచ్చినా అక్క ఏదో ఒక చొక్కా కాలరు మడత విప్పి చూపించేది. మా బావ నవ్వేవాడు. "పట్టా పుచ్చుకున్నంత సంబరం మీ అక్కకి" అనేవాడు.

బావ పొన్నూరులో ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. రోజూ బాపట్ల నుంచి బస్సులో వెళ్లివచ్చేవాడు. ఎన్ని నీళ్లు పోసుకున్నా ఆయన దగ్గర తవుడు వాసన ఉండేది. నేను రేపల్లెలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండర్ని. మా దగ్గర ఏ వాసన ఉంటుందో మాకు తెలియదు. తెలియకపోవడమే ఈ కథంతా.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. మా ఇళ్లల్లో క్రిస్మసుకి మగవాళ్లందరికీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టించేవాళ్లం. ఈపురుపాలెం నేతగాళ్ల దగ్గర తాను కొనుక్కొచ్చేది అక్కే. నేను చెప్పబోయే సంగతికి ముందటి క్రిస్మసుకి తెచ్చింది లేతనీలం చారలు. గుడిలో మేమంతా ఒక వరసలో కూర్చుంటే బ్యాండు మేళంలా ఉన్నామని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో ఆగి మరీ అన్నారు. ఆ మాట ఆయన అనలేదు, నేనే అన్నాను. కానీ అలాగే ఉన్నాం.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం మొదట్లో బావకి కామెర్లు ముదిరాయి. తెనాలి ఆసుపత్రిలో పెట్టాం. పందొమ్మిది రోజులు. కాంపౌండర్ని కాబట్టి ఉండటానికి నేనే పనికొస్తానని నేనే ఉన్నాను. అక్క బడికీ ఆసుపత్రికీ మధ్య రైళ్లెక్కీ దిగీ చివరి మూడు రోజులకి తనే జ్వరంతో పడిపోయింది. అందుకని ఆ పొద్దున బావ పోయినప్పుడు తను అక్కడ లేదు. బాపట్ల ఇంటి గుమ్మంలో ఆమె నన్ను అడిగింది ఒక్కటే, ఎలా పోయాడని.

"నిద్రలోనే పోయాడక్కా. చీమ కుట్టినంత బాధ కూడా పళ్లేదు."

ఆ ఒక్క మాట పట్టుకుని మా అక్క సమాధి దాకా నడిచింది. ఆ మాట లేకపోతే నడిచేది కాదని అప్పుడు చూసినవాళ్లెవరైనా చెబుతారు.

సమాధి తర్వాత ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక ప్రార్థన అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో మిగిలినవి బట్టలు. ముందు పందొమ్మిది రోజులుగా ఎవరూ పట్టించుకోని ఇంటి బట్టలు. ఆసుపత్రి నుంచి నేను తెచ్చిన రెండు మూటలు. వచ్చినవాళ్లు పరుచుకున్న దుప్పట్లు, తుడుచుకున్న తువ్వాళ్లు, పిల్లలు పక్క తడిపిన బొంతలు. శవపెట్టె మీద కప్పిన తెల్ల దుప్పటి కూడా అందులోనే. చాకలావిడ నూతి గట్టు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుని నెల అయింది. మధ్యగదిలో ఒక మూల గుట్ట కిటికీ ఎత్తు లేచింది. సాయంత్రం వెలుతురులో ఆ గుట్ట ఎవరో ముసుగేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నట్టు ఉండేది. అక్క ఆ గది దాటి వంటింట్లోకి వెళ్లాలంటే తల దించుకుని వెళ్లేది. మా మేనకోడలికి అప్పుడు పదిహేనేళ్లు. అటు వెళ్లనే వెళ్లేది కాదు.

"ఇదంతా నాకొదిలెయ్యి" అన్నాను. రేపటికల్లా ఇల్లు అద్దంలా చేస్తానని, నాలాంటి ఉతుకు బాపట్ల చాకిరేవు ఎన్నడూ చూసి ఉండదని చెప్పాను.

అక్క నవ్వలేదు. "ఒక్కటి మాత్రం ఉతక్కురా" అంది. "ఆసుపత్రిలో చివరిదాకా ఆయన ఒంటి మీద ఉన్న చారల చొక్కా. దానికి నీళ్లు తగలనివ్వకు. అదొక్కటే ఉంది నాకు."

బైబిలు మీద చెయ్యివేసి చెప్పాను. చెయ్యి వేయమని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే దొడ్లో పొయ్యి తవ్వాను. సరుగుడు పుల్లలు పేర్చి, పెద్ద బాన ఎత్తి, సోడా కలిపాను. చాకలావిడ చేతికి కట్టుతో వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నా పని చూడటం మొదలుపెట్టింది. మా అక్కకి నేను తమ్ముణ్ణి కాబట్టి ఆవిడకీ తమ్ముడుగారినే. నేను మొదటి దుప్పటి బండ మీద నాలుగు బాదులు బాదేసరికి ఆవిడ ముఖం తిప్పుకుంది. బండ మీద కోపం తీర్చుకోవడాన్ని ఉతకడం అనరంది. నీలిమందు నేను ఒక్కసారే బకెట్టులో గుమ్మరిస్తే, తెల్ల దుప్పటి మేఘంలా తయారవుతుంది, ఇక వాన కురవడమే తరువాయి అంది. పక్కింటి ఆడవాళ్లు గోడ మీదనుంచి చూసి, మా అక్క తమ్ముడికి పెళ్లయిందా అని ఆవిడని అడిగారు. అయిందనీ, ఇది చూశాక ఇంకొకటి కూడా అవుతుందనీ ఆవిడ చెప్పింది. ఆ ఇంట్లో పదిరోజుల తర్వాత వినపడ్డ మొదటి నవ్వు అది. లోపల అక్క విందో లేదో తెలియదు.

బట్టలు తెలిసినవాణ్ణి కాబట్టి నేను మొదట చేసిన పని, మూటలన్నీ విప్పి చాప మీద కలిపేసి, తెల్లవీ రంగువీ వేరు చేయడం. అక్కడే అయింది అవ్వాల్సింది. చారల చొక్కాలు రెండు వచ్చాయి. ఒకటి బావది. ఇంకొకటి నాది, సమాధి రోజు విప్పి మూల పడేసింది. రెండూ ఒకే తాను, ఒకే దర్జీ, ఇంచుమించు ఒకే కొలత. రెండూ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒకదానిలో ఊరికే చెమట. రెండోదానిలో టింక్చరు, కార్బాలిక్, మందుల వాసన గుప్పున కొట్టింది. చేతిమడతల దగ్గర గోధుమరంగు మరకలు కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో చివరిదాకా ఉన్నది ఏదో ఇంకెవరైనా చెప్పాలా? మందుల వాసన చొక్కాని నాలుగు మడతలు పెట్టి ముందుగదిలో పేము కుర్చీలో పేపరు కింద దాచాను. చెమట చొక్కాని బానలో వేశాను.

పాతికేళ్లు మందుల మధ్య నిలబడ్డవాడి చొక్కా ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒంటి మీద ఉండగా ఎవరి వాసన వాళ్లకి తెలియదు, విప్పి పడేశాక ముక్కుకి తగిలినా అది నాదని తట్టలేదు. బావది అనుకుని నేను ఎత్తి పెట్టింది నా చొక్కా. బానలో వేసిన దానిలో తవుడు వాసన సన్నగా ఉండే ఉంటుంది. నా ముక్కు అంత దూరం వెళ్లలేదు.

రెండోరోజు మధ్యాహ్నం దండేల మీద ఆరినవి తీస్తున్నాను. చాకలావిడ ఎడమచేత్తో కాలర్లు తిప్పి చూస్తూ కుప్పలు వేస్తోంది. చారల చొక్కా దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"తమ్ముడుగారూ, ఇది పోయినాయనది కదండీ. టీచరమ్మ దాచమన్నది ఇదే కాదండీ?"

కాలరు లోపల రెండు చుక్కలు, కింద గీత. సోడాలో ఉడికి, నీలిమందులో మునిగి, ఎండలో పెళపెళలాడుతోంది. వాసన చూశాను. ఎండ వాసన.

ముందుగదిలోకి వెళ్లి పేపరు కింది చొక్కా కాలరు తిప్పాను. ఖాళీ. మా ఇంట్లో బట్టలు నా భార్యే ఉతికేది, మాకు గుర్తు లేదు. పక్కగదిలో అక్క నిద్రపోతోంది. పదిరోజుల్లో ఆమె పగటిపూట కన్ను మూయడం అదే మొదలు. ఆ నిద్ర వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాను. లేపి చెబుదామనే నిలబడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అంతసేపు నిలబడలేదు.

దొడ్లోకి వచ్చి, నా రుమాళ్లకి గుర్తు పెట్టుకోవాలని చాకలావిణ్ణి ఒక జీడిగింజ అడిగాను. ఆవిడ కొంగుముడి విప్పి ఇచ్చింది. నూతి వెనక కూర్చుని సూదితో పొడిచి, వేలితోనే అద్దాను. ఎవరైనా వస్తారేమోనని తొందర. కాలరు ఏ వైపు పట్టుకున్నానో చూసుకోలేదు. గీత పైకీ చుక్కలు కిందికీ పడ్డాయి. తర్వాత నాలుగు రోజులకి వేలు పొక్కి, పుండై, మచ్చ పడింది. జీడి కాలిస్తే అలాగే పడుతుంది. బానలో నేను చెయ్యి ముంచలేదు.

తలెత్తేసరికి ఆవిడ వెనకాలే నిలబడి ఉంది. తిట్టలేదు. మెల్లిగా చెప్పింది.

"పోయినాయన గుర్తు బతికున్నోళ్ల బట్టకి పెట్టకూడదు తమ్ముడుగారూ. ఆ గుర్తు పట్టుకుని వస్తారు."

మేం అలాంటివి నమ్మమని, మాది వాక్యం చదివే ఇల్లని గట్టిగానే అన్నాను. ఆవిడ సరేనండి అని వెళ్లి బట్టలు మడతపెట్టుకుంది. మా అక్కతో ఏనాడూ చెప్పలేదు.

సాయంత్రం అక్క చేతిలో పెట్టాను. కాలరు తిప్పి, గుర్తుని వేలితో తడిమి, చొక్కాని ముఖానికి పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. నా చెమట మా అక్క ముఖం మీద ఉంది. అటు చూడలేక నేను వాకిట్లోకి వచ్చేశాను. వెనకనుంచి ఆమె గొంతు వచ్చింది.

"తవుడు వాసన ఏదిరా?"

పందొమ్మిది రోజులు కదక్కా అన్నాను. ఆమె మళ్లీ వాసన చూసింది. మరకలు చూసింది. చేతిమడతలు విప్పి ఒక్కొక్క మరకా కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"నువ్వేమో నిద్రలో పోయాడన్నావు" అంది. "చొక్కా అలా చెప్పట్లేదురా. ఎన్ని మందులు పోశారో, ఎన్ని సూదులు పొడిచారో. పెనుగులాడి ఉంటాడు. ఇదిగో, చేతుల దగ్గరే మరకలు."

అది నేను అనుకోలేదు. ఓదార్పుకి ఇచ్చిన చొక్కా నా నోటిమాటకి ఎదురు సాక్ష్యం చెబుతుందని ఎవరు అనుకుంటారు? ఆ క్షణంలో నిజం చెప్పేస్తే బావ మళ్లీ నిద్రలోనే పోయినవాడయ్యేవాడు. నేను ఏం చేశానంటే, లేదక్కా, అవి ఊరికే తుడిచే మందులు అన్నాను. కాంపౌండర్ని కదా, రెండు మూడు ఇంగ్లీషు పేర్లు కూడా చెప్పాను. ఆమె నాకేసి జాలిగా చూసింది. తన బాధ తగ్గించడానికి అబద్ధమాడుతున్నాననుకుంది. అది నిజమే, కాకపోతే ఆమె అనుకున్న అబద్ధం అది కాదు.

బావ అసలు చొక్కా నేను రేపల్లె తెచ్చుకున్నాను. పారేయలేను. దాచలేను, ఎక్కడ దాచినా భార్య అడుగుతుంది. నా చొక్కాలాగే ఉంది కాబట్టి నా చొక్కాగానే తొడుక్కున్నాను. మెడ దగ్గర కాస్త బిగుతు, అంతే. కానీ దాన్ని తొడుక్కున్న రోజు నా భార్య పెరట్లోంచి చూసి, మీ బావగారి నడక వచ్చిందేంటండి మీకు అంది. అది ఊరికే అన్నది. నేను ఆ పూట అన్నం సగంలో వదిలేశాను.

ఒకసారి తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం నిలబడి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. జనం పల్చగా ఉన్నారు. ప్లాట్‌ఫారం చివర చారల చొక్కా తొడుక్కున్న మనిషి నన్నే చూస్తున్నాడు. బావే. మెడ వంచి, పెదవి బిగించి, ఏదో అడగబోతున్నట్టు. నేను అడుగు వేస్తే ఆయనా వేశాడు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పి భయపెట్టాను. అయ్యగారు కూడా ప్రార్థన చేశారు. అది బరువు తూచే మిషను మీది అద్దం. దగ్గరికి వెళ్లేదాకా నాకు తెలియలేదన్నది మాత్రం నిజం. తెలిశాక కూడా వెనక్కి తిరిగి చూడకుండా నడిచానన్నదీ నిజం.

అక్క ఆ చొక్కాని ట్రంకు పెట్టెలో పెట్టింది. ఆదివారం గుడినుంచి రాగానే తీసి చూసుకునేది. నేను బాపట్ల వెళ్తే నాకూ ఇచ్చేది. "చూడరా, ఇంకా ఉంది మందుల వాసన." నేను నా చొక్కాని ముక్కుకి పెట్టుకుని, అవునక్కా ఉంది అనేవాణ్ణి. నిజానికి నాకేమీ వచ్చేది కాదు. ఆమె పెట్టె మూసి, "నీకు తెలుసు, నాకు చెప్పవు" అనేది. ఏడాదికి రెండు మూడుసార్లు. ప్రతిసారీ బావ ఇంకొంచెం ఎక్కువ బాధపడి పోయేవాడు. మొదట సూదులే. తర్వాత చేతులు మంచానికి కట్టేసి ఉంటారని. ఆ తర్వాత తన పేరు పెట్టి పిలిచి ఉంటాడని. నా నాలుగు వందల బట్టల లెక్కలాగే, అక్కడ ఆయన బాధ పెరుగుతూ వచ్చింది.

ఒక వేసవిలో నేను ముందు చెప్పకుండా వెళ్లాను. అక్క వీపు ఇటు పెట్టి చేటలో బియ్యం ఏరుకుంటోంది. నా చెప్పుల చప్పుడు విని తల తిప్పకుండానే, "ఏవండీ, మిల్లు అప్పుడే మూశారా?" అంది. ఆ మాట అన్నాక తిరిగి చూసింది. మళ్లీ చేటలోకి తల దించుకుంది. నేను ఆ చారల చొక్కాలో ఉన్నాను. చాకలావిడ మాట నాకు వీపు మీద చల్లగా పాకింది. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్లు. తప్పో ఒప్పో అడగడానికి కూడా మనిషి లేదు.

తొంభైలు సగం దాటాక అక్క ఉద్యోగం విరమించి తెనాలిలో కూతురి దగ్గరికి చేరింది. ట్రంకు పెట్టె కూడా వెళ్లింది. రెండో ఏడు వానల్లో అక్కకి ఆయాసం పట్టుకుంది, కాళ్లకి నీరు దిగింది. ఆసుపత్రిలో చేర్చాలని, ఆలస్యం చేస్తే గుండె ఆగుతుందని డాక్టరు చెప్పాడు. అక్క రానంది. మేనకోడలు మా వీధి చివరి టెలిఫోను బూత్‌కి ఫోను చేసి నన్ను పిలిపించింది.

"మావయ్యా, అమ్మ ఒకటే మాట అంటోంది. మీ నాన్న చొక్కా చూశావుగా, నన్ను కూడా అలా చంపుతారా అంటోంది. నువ్వొచ్చి చెప్పు. నాన్న దగ్గరున్నది నువ్వొక్కడివే."

ఆ మాట విన్నాక చారల చొక్కా తొడుక్కుని రైలెక్కాను. అప్పటికది మోచేతుల దగ్గర జల్లెడలా ఉంది. రేపల్లె నుంచి తెనాలికి బండిలో గంట పైనే. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. దిగేసరికి ఒక్క ముక్కా గుర్తులేదు.

అక్క వరండాలో మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎగబీలుస్తోంది. ముందు హాస్యమాడాను. ఆసుపత్రిలో ఇడ్లీ పెడతారక్కా అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఇక నేను ట్రంకులో చొక్కా తెమ్మని మేనకోడలికి చెప్పాను. నా ఒంటి మీది చొక్కా విప్పి, బనీనుతో మంచం పట్టె మీద కూర్చున్నాను. రెండు కాలర్లూ తిప్పి ఆమె ఒడిలో పక్కపక్కన పెట్టాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని చూసింది. టీచరు కదా, తప్పు ఎక్కడుందో కంటికి వెంటనే తగులుతుంది.

"ఇది తలకిందులుగా ఉందేంటి?"

"అది నేను వేసింది అక్కా. ఆ చొక్కా నాది. ఆ మందుల వాసన నాది, ఆ మరకలు మా డాక్టరుగారి దగ్గర పడ్డవి. బావది ఇది. ఉతికేశాను."

చూరు నుంచి వాన కారుతోంది. మేనకోడలు గడప దగ్గరే నిలబడిపోయింది. అక్క ముందు ట్రంకు చొక్కాని ముక్కుకి పెట్టుకుంది. తర్వాత నేను విప్పిన దాన్ని. దానిలో ఆ పూట రైలు చెమట ఉంది. పన్నెండేళ్ల నా ఒళ్లు ఉంది.

"రెండింట్లోనూ నువ్వే ఉన్నావురా" అంది. "ఆయన్ని ఎక్కడ పెట్టావు?"

దీనికి నేను గొప్ప జవాబు చెప్పానని ఇదివరకు కొందరికి చెప్పాను. ఏమీ చెప్పలేదు. కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, బనీనుతో.

ఆమె ఆయాసం తగ్గేదాకా ఆగి మళ్లీ అడిగింది. "అయితే ఆయన నిద్రలోనే పోయాడా?"

"నిద్రలోనే అక్కా."

"పక్కనే ఉన్నావా?"

"పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను."

అక్క రెండు చొక్కాలూ కూతురికి ఇచ్చి నానబెట్టమంది. రిక్షా పిలవమంది. ఆసుపత్రికి వచ్చింది. తొమ్మిది రోజులుంది, కాళ్ల వాపు దిగింది, ఇంటికి తిరిగొచ్చింది. ఆ తర్వాత మూడేళ్లు బతికింది. బావ మాట వస్తే ఆయన కేకలు వేయడం మానేశాడు. నిద్రపోతున్నట్టు ఉండేవాడని వచ్చినవాళ్లకి తనే చెప్పేది, తను చూసినట్టుగా.

ఇప్పుడు అసలుది చెప్పాలి. ఇది అక్కకి చెప్పలేదు, మేనకోడలు దీన్ని చదివితే ఇప్పుడే తెలుస్తుంది. బావ పోయిన పొద్దున నేను పక్కన లేను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. ఏదో అడగబోయి నాకేసి చూశాడు. ఇప్పుడే వస్తాను బావా అని చెప్పి, గేటు బయట బడ్డీలో టీ తాగడానికి వెళ్లాను. ఒకటి తాగి వచ్చేసి ఉండొచ్చు. రెండోది కూడా తాగాను, ఎవరో తెలిసినాయన కనిపిస్తే కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి ముఖం మీద దుప్పటి లాగి ఉంది. పక్కమంచం వాళ్లని అడిగితే చెప్పేవాళ్లేమో. అడగలేదు. నిద్రలో పోయాడో, పెనుగులాడాడో, పిలిచాడో, ఎవరి పేరు పిలిచాడో నాకు తెలియదు. నా చొక్కా చెప్పిన అబద్ధమే నిజమేమో కూడా తెలియదు. పన్నెండేళ్లు అక్క నన్ను అడిగింది ఆ సంగతే.

ఆసుపత్రిలో ఆ తొమ్మిది రోజులూ నేను అక్క మంచం పక్కన స్టూలు మీదే కూర్చున్నాను. మేనకోడలు క్యారేజీ తెస్తే అక్కడే తిన్నాను. మూడోరోజు మధ్యాహ్నం అక్కకి కాస్త ఊపిరి కుదుటపడింది. నాకేసి తిరిగి, "ఎంతసేపు కూర్చుంటావురా అలా. బయటికెళ్లి టీ తాగి రా" అంది.

వద్దక్కా అన్నాను.

ఆమె కాసేపు చూసింది. "నాకేం కాదులే, వెళ్లిరా" అంది.

నేను లేవలేదు. ఆమె నిద్రపోయింది. గుండెల మీద దుప్పటి పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ కూర్చున్నాను.